కోవ్: టైటానిక్ ఆగిన రేవు అన్న పేరు తప్ప ఆ ఊళ్లో ఇంకేమైనా ఉందా?

రైలుబండి

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు మొదటిసారి ఐర్లాండ్ వచ్చారు. డబ్లిన్ అయింది, మోహర్ కొండచరియలు అయ్యాయి. వచ్చే వారం కార్క్‌లో రెండు రోజులుంటాం. అందులో ఒక రోజు కోబ్ వెళ్దామని నా ఆలోచన. చిక్కు ఎక్కడంటే, నాన్నగారు విశాఖ ఓడరేవులో ముప్పై రెండేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆయనకు ఓడంటే సినిమా కాదు, నెల జీతం. "మునిగిపోయిన ఓడను చూడటానికి టికెట్టు కొనడమెందుకురా?" అంటున్నారు. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ పనికొచ్చేది ఆ ఊళ్లో ఏమైనా ఉందా? అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి.

లంగరు

తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. ముందు పేరు సంగతి చూద్దాం. కోబ్ కాదండీ, కోవ్. రైలెక్కేటప్పుడు కోబ్ అని అడిగితే టికెట్టు ఇస్తారు, చిన్న చిరునవ్వు కూడా కలిపి ఇస్తారు.

నాన్నగారి గురించి మీరు దిగులు పడనక్కర్లేదు. ఆయనలాంటి వాళ్ల కోసమే ఈ ఊరుంది. బోర్డుల మీద మాత్రం ఆ మాట కనిపించదు.

కార్క్ కెంట్ స్టేషన్ నుంచి రైలు అరగంటలోపే చేరుతుంది. కారులో రాకండి. ఊరున్నది గ్రేట్ ఐలండ్ అనే దీవి మీద. రోడ్డున రావాలంటే బెల్‌వెలీ దగ్గర ఉన్న ఒక్క పాత వంతెనే దారి. రైల్లో అయితే ఫోటా దగ్గర రెండు పక్కలా నీళ్లు కనిపిస్తాయి. మీ అమ్మగారికి అక్కడే సగం యాత్ర అయిపోతుంది.

చదువరి_హైదరాబాద్

టైటానిక్‌ను కట్టింది కూడా అక్కడే కదా? అయితే ఆ కట్టిన చోటు చూపించవచ్చు మీ నాన్నగారికి.

పాతకాగితం

కట్టింది బెల్‌ఫాస్ట్‌లో. అది ఐర్లాండ్ దీవికి ఆ చివర, పైగా ఇప్పుడు వేరే దేశం. కోవ్ అది ఆఖరుగా ఆగిన రేవు మాత్రమే, అదీ రెండు గంటలసేపు. 1912 ఏప్రిల్ 11న పొద్దున పదకొండున్నర ప్రాంతంలో వచ్చి ఒకటిన్నరకు వెళ్లిపోయింది. ఊరి రేవుకు ఆనలేదు కూడా. రేవు ముఖద్వారం బయట, రోచెస్ పాయింట్ దీపస్తంభం దగ్గర లంగరు వేసింది. ఇక్కడి నుంచి ప్రయాణికులను, తపాలా సంచులను 'ఐర్లాండ్', 'అమెరికా' అనే రెండు చిన్న ఆవిరి పడవల్లో మోసుకెళ్లారు. ఎంత చోద్యమో చూడండి. అమెరికా చేరని వాళ్లు చాలామంది 'అమెరికా' పేరున్న పడవ అయితే ఎక్కారు.

ఎక్కినవాళ్లు 123 మంది. మొదటి తరగతిలో ముగ్గురు, రెండో తరగతిలో ఏడుగురు, మిగిలిన 113 మందీ మూడో తరగతి. బతికినవాళ్లు 44 మంది.

రైలుబండి

పేరు సవరించినందుకు లంగరు గారికి ధన్యవాదాలు. Cobh అని రాసి కోవ్ అని ఎందుకు పలుకుతారు? నాన్నగారే అడిగారు.

నిర్వాహకులు

రైలుబండి గారూ, వేదిక నియమం తెలుసు కదా, తెలుగు లిపిలోనే రాయాలి. ఈ ఒక్కసారికి వదిలేస్తున్నాం, ఆ అక్షరాలు లేకపోతే ప్రశ్నే అర్థం కాదు కాబట్టి.

పాతకాగితం

ఇది నాకు ఇష్టమైన కథ. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదట దీని పేరు 'కోవ్'. సముద్రం నేల లోపలికి ఒంపు తిరిగిన చిన్న చోటును ఆంగ్లంలో అలా అంటారు. కార్క్ నగరానికి కింద ఉన్న ఒంపు కాబట్టి 'కోవ్ ఆఫ్ కార్క్' అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా పెద్ద ఊరేమీ కాదు. ఫ్రాన్సుతో ఇంగ్లండు యుద్ధాలు ముదిరాక, నౌకాదళానికీ రవాణా ఓడల బృందాలకూ ఈ లోతైన, గాలివానల నుంచి కాపాడే రేవు అవసరపడి ఊరు పెరిగింది.

1849లో విక్టోరియా రాణి ఇక్కడ ఐర్లాండ్ నేల మీద మొదటిసారి కాలు పెట్టింది. ఆ గౌరవార్థం పేరు క్వీన్స్‌టౌన్ అయింది. కరువు ఇంకా ఊళ్లను తింటున్న సంవత్సరం అది. 1920లో స్థానిక కౌన్సిల్ ఆ పేరు కొట్టేసి పాత పేరును ఐరిష్ అక్షరక్రమంలో పెట్టింది. ఐరిష్ సంప్రదాయ వర్ణమాలలో 'వి' అక్షరం లేదు. 'బి' పక్కన 'హెచ్' రాస్తే 'వ' అని పలుకుతారు. అంటే ఐరిష్‌లా కనిపించే ఈ మాటకు ఐరిష్‌లో అర్థమేమీ లేదు.

గడసరి

అంటే స్వాతంత్ర్యం వచ్చిన సంబరంలో ఆంగ్లపదానికే ఐరిష్ పంచె కట్టారన్నమాట.

పాతకాగితం

పంచె సంగతి నిజమే. స్వాతంత్ర్యం సంగతి కాదు. 1920లో ఇంకా పోరాటం నడుస్తోంది. ఊళ్లో బ్రిటిష్ సైన్యం, రేవులో బ్రిటిష్ నౌకలు ఉండగానే మార్చారు. అదే ఏడాది డబ్లిన్ పక్కన కింగ్స్‌టౌన్ కూడా డన్ లేరీ అయింది. రాజూ రాణీ ఒకే ఏడాది దిగిపోయారు.

ఇంకో మాట. 1922లో దేశానికి స్వపాలన వచ్చినా ఈ రేవుకు రాలేదు. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం మూడు రేవుల రక్షణ స్థావరాలు బ్రిటన్ చేతుల్లోనే ఉండిపోయాయి. వాటిలో ఒకటి కోవ్ ఎదురుగా ఉన్న స్పైక్ దీవి. దానిని అప్పగించింది 1938 జూలై 11న. పదహారేళ్లపాటు ఈ ఊరివాళ్లు సొంత దేశపు గడ్డ మీద నిలబడి, నీళ్లకు అవతల పరాయి జెండాను చూస్తూ బతికారు.

గడసరి

నేను కోవ్ రెండుసార్లు చూశాను. నా మాట ఎవరికీ నచ్చదని తెలిసే రాస్తున్నాను. అది దుఃఖాన్ని దుకాణం పెట్టి అమ్ముకునే ఊరు. వలస వెళ్లినవాళ్ల విగ్రహం, పక్కనే కాఫీ. టైటానిక్ ప్రదర్శన, బయట టైటానిక్ బొమ్మల టోపీలు. మునిగిన లూసిటానియా ఓడ స్మారకం, దాని ఎదురుగా పర్యాటకులు ఐస్‌క్రీం తింటూ ఫోటోలు. విహారనౌక వచ్చిన రోజు నాలుగు వేల మంది దిగుతారు, సాయంత్రానికి తోపుడుబండి సర్దినట్టు ఊరంతా సర్దేస్తారు.

వెన్నెలగోదారి

గడసరి గారూ, ఐస్‌క్రీం తినడం నేరమైతే నేనూ నేరస్తురాలినే.

నేను కార్క్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. వచ్చిన కొత్తలో ప్రతి సెలవు రోజూ కోవ్ వెళ్లి ఆ వలస విగ్రహం దగ్గర కూర్చునేదాన్ని. ఆనీ మూర్ అనే అమ్మాయి, ఇద్దరు తమ్ముళ్లు. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో ఎల్లిస్ ఐలండ్ వలస కేంద్రం తెరిచినప్పుడు మొట్టమొదట లోపలికి అడుగుపెట్టింది ఈ అమ్మాయే. పది డాలర్ల బంగారు నాణెం ఇచ్చారట. ఆ రోజే పదిహేనో పుట్టినరోజు కూడానట. విగ్రహంలో తమ్ముడు సముద్రం వైపు చేయి చూపిస్తుంటే ఆమె వెనక్కి ఊరివైపు చూస్తుంటుంది. మొదటి ఏడాది నేను కూడా అలాగే వెనక్కి చూస్తూ బతికాను కాబట్టి, ఆ విగ్రహంతో నాకు చుట్టరికం కలిసింది.

పాతకాగితం

చుట్టరికాన్ని చెడగొట్టను గానీ, పుట్టినరోజు కథ పత్రికలవాళ్ల అల్లిక. జ్ఞానస్నానం రికార్డు ప్రకారం ఆమె పుట్టింది 1874 ఏప్రిల్‌లో. అప్పటికి పదిహేడేళ్లు. తల్లిదండ్రులు ముందే న్యూయార్క్ వెళ్లి స్థిరపడ్డారు. తమ్ముళ్లను వెంటబెట్టుకుని 1891 డిసెంబర్ 20న ఇక్కడి నుంచి 'నెవాడా' అనే ఓడలో బయలుదేరింది.

అసలు విడ్డూరం తరువాత జరిగింది. చాలా ఏళ్లు అందరూ వేరే ఆనీ మూర్‌ను ఈమె అనుకున్నారు. టెక్సాస్ వెళ్లింది, అక్కడ ప్రమాదంలో పోయింది అని రాసుకున్నారు. 2006లో ఒక వంశవృక్ష పరిశోధకురాలు తవ్వి తీస్తే, మన ఆనీ న్యూయార్క్ దాటి ఎక్కడికీ పోలేదని తేలింది. దిగిన చోటికి దగ్గర్లోనే, పేదల వాడలో కాపురం పెట్టింది. పెళ్లయింది, చాలామంది పిల్లలు పుట్టారు, కొందరు చిన్నప్పుడే పోయారు. 1924లో చనిపోయింది. 1993లో కోవ్‌లోనూ ఎల్లిస్ ఐలండ్‌లోనూ విగ్రహాలు లేచాయి. న్యూయార్క్ శ్మశానంలో ఆమె సమాధి మీద మాత్రం 2008 దాకా రాయి కూడా లేదు.

వెన్నెలగోదారి

చెడగొట్టనని చెడగొట్టారు. ఇకనుంచి ఆ విగ్రహం దగ్గర ఆ రాయి లేని సమాధే గుర్తుకొస్తుంది.

చదువరి_హైదరాబాద్

అంతమంది అక్కడి నుంచే ఎందుకు వెళ్లారు? డబ్లిన్ పెద్ద ఊరు కదా?

లంగరు

దేశపటం తీసి చూడండి. అట్లాంటిక్ దాటే ఓడ లివర్‌పూల్‌లోనో సౌతాంప్టన్‌లోనో బయలుదేరి ఐర్లాండ్ దక్షిణ తీరం పక్కగానే పోవాలి. దారి తప్పకుండా కాసేపు ఆగడానికి ఇదే తగిన చోటు. డబ్లిన్ తూర్పు తీరాన ఉంది, అక్కడ ఆగాలంటే చుట్టు తిరగాలి.

ఓడల కంపెనీలకు తపాలా కాంట్రాక్టులో పెద్ద ఆదాయం. లండన్‌లో ఆలస్యంగా వేసిన ఉత్తరం కూడా రైల్లో వేల్స్ చివరకు, పడవలో డబ్లిన్‌కు, మళ్లీ రైల్లో ఇక్కడికి వచ్చి, ముందే బయలుదేరిన ఓడను అందుకునేది. టైటానిక్ ఇక్కడ ఆగిందంటే ఆ 123 మంది కోసం మాత్రమే కాదు, వెయ్యికి పైగా తపాలా సంచుల కోసం కూడా. 1862లో రైలు కూడా సరిగ్గా రేవు ఒడ్డుకే వచ్చింది. ఆ స్టేషన్‌లోనే ఇప్పుడు వలసల ప్రదర్శనశాల ఉంది. మామూలు రైళ్లు ఇంకా దాని పక్క నుంచే నడుస్తాయి.

లెక్క చెప్పాలంటే, 1848 నుంచి 1950 వరకు ఐర్లాండ్ వదిలి వెళ్లిన ఆరు మిలియన్లలో దాదాపు 25 లక్షల మంది ఈ ఒక్క రేవు నుంచే వెళ్లారు. ఊరి జనాభా ఈ రోజుకీ 14 వేలు.

వెన్నెలగోదారి

మా వార్డులో ఒక ముసలాయన 'అమెరికన్ వేక్' గురించి చెప్పారు. ఇక్కడ మనిషి పోతే శవం పక్కన రాత్రంతా బంధువులు కూర్చుని కథలు చెప్పుకుంటూ, తాగుతూ, పాడుతూ గడుపుతారు, దానినే వేక్ అంటారు. అమెరికా వెళ్లే కొడుక్కో కూతురికో బయలుదేరే ముందు రాత్రి అదే చేసేవారట, మనిషి బతికుండగానే. తిరిగి రారని అందరికీ తెలుసు కదా. పొద్దున్నే ఇంట్లో వాళ్లు కొంత దూరం నడిచి వచ్చి ఆగిపోయేవారు. ఆయన మేనత్తకు అలాగే చేశారట. ఆ మాట చెప్పి ఆయన టీ అడిగారు.

గడసరి

సరే, ఆ ఒక్క మాటకు ఊరుకుంటున్నాను. కానీ రైలుబండి గారి నాన్నగారికి దీంతో పనేమిటి? ఆయన అడిగింది రేవు. మీరంతా చెబుతున్నది వీడ్కోలు.

లంగరు

ఈ మాట కోసమే చూస్తున్నాను. గడసరి గారూ, మీరు మొదట అన్నది సగం నిజం. విగ్రహాలన్నీ వెళ్లిపోయినవాళ్లకే. ఉండిపోయి పనిచేసినవాళ్ల మాట ఎత్తేవాళ్లు తక్కువ.

మా పక్కింటి పెద్దాయన రష్‌బ్రుక్‌లో వెల్డరు. రష్‌బ్రుక్ అంటే కోవ్‌కు ముందు స్టేషను. అక్కడ 1950ల చివర డచ్చి కంపెనీ వెరోల్మె ఓడలు కట్టే యార్డు పెట్టింది. సరుకు ఓడలు కట్టారు, తరువాత ఐరిష్ నౌకాదళానికి గస్తీ నౌకలు కట్టారు. ఎమర్, ఈఫా, ఆష్లింగ్, చివరగా ఎహ్నా. 1984లో ఎహ్నాను అప్పగించారు, అదే ఏడాది యార్డు మూతపడింది. ఆ రెండేళ్లలో కార్క్‌కు తగిలిన దెబ్బలు చూడండి. 1983లో డన్‌లప్ టైర్ల కర్మాగారం, 1984లో ఫోర్డ్ కార్ల కర్మాగారం, ఆపై ఓడల యార్డు. పెద్దాయన ఆ కాలం గురించి ఎక్కువ మాట్లాడరు. "ఆ ఏడు మా వీధిలో పిల్లలు బోస్టన్‌కు, లండన్‌కు పోయారు" అంటారు, అంతే. మళ్లీ వలసే, ఈసారి విమానంలో కాబట్టి ఎవరూ విగ్రహం పెట్టలేదు.

యార్డులో ఓడల మరమ్మతు పని ఇప్పటికీ జరుగుతోంది. క్రేన్లు రైల్లోంచే కనిపిస్తాయి. మీ నాన్నగారిని ఎడమ పక్క కాకుండా కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

పాతకాగితం

లంగరు గారు ఆష్లింగ్ పేరు ఎత్తారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం ఐర్లాండ్ నైరుతి తీరానికి దూరంగా బాంబు పేలి సముద్రంలో కూలిపోయింది. 329 మంది పోయారు, ఎక్కువమంది భారతీయ మూలాలున్న కెనడా కుటుంబాలు. ఆ నీళ్లలో దేహాలను వెలికితీసిన నౌకల్లో ఆష్లింగ్ ఒకటి. రష్‌బ్రుక్ వెల్డర్లు కట్టిన ఓడ, కోవ్ ఎదురుగా హాల్‌బోలిన్ దీవిలోని నౌకాదళ స్థావరానికి చెందినది.

వెన్నెలగోదారి

దొరికిన 130కి పైగా దేహాలను కార్క్‌లోని పెద్దాసుపత్రికి తెచ్చారు. ఆ రోజుల్లో పనిచేసిన సీనియర్ల నుంచి నేను విన్నాను. కెనడా నుంచి, భారత్ నుంచి వచ్చిన బంధువులకు కార్క్ జనం తమ ఇళ్లలో చోటిచ్చారట. అంత్యక్రియల పద్ధతులు ఎలా ఉంటాయో అడిగి తెలుసుకున్నారట. నేను ఇక్కడ చేరిన మొదటి వారంలో ఒకావిడ నా పేరు చూసి, ఏ రాష్ట్రమని అడగలేదు, "కనిష్కలో మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది. అప్పటికి నేను పుట్టనే లేదు. నాకేం చెప్పాలో తెలియలేదు.

స్మారకం మాత్రం కోవ్‌లో లేదు. పశ్చిమ కార్క్‌లో అహకిస్తా అనే పల్లె తీరాన ఉంది. అక్కడిదాకా వెళ్లాలంటే కారు కావాలి.

రైలుబండి

ఇది నాన్నగారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆ ఓడ ఇప్పుడెక్కడుంది?" అని అడిగారు.

లంగరు

2016లో సేవ నుంచి తప్పించి, మరుసటి ఏడాది వేలంలో అమ్మేశారు. చేతులు మారి లిబియా చేరింది, అక్కడ ఒక యుద్ధ వర్గం దళంలో కొత్త పేరుతో తేలింది. ఓడల తలరాత మన చేతిలో ఉండదని ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

హాల్‌బోలిన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక భారత ముడి కూడా ఉంది. ఆ దీవిలో సగం నౌకాదళం, సగం ఉక్కు కర్మాగారం. ప్రభుత్వ సంస్థ ఐరిష్ స్టీల్‌ను 1996లో ఒక్క పౌండు నామమాత్రపు ధరకు లక్ష్మీ మిట్టల్ గారి ఇస్పాత్ కొనుక్కుంది. ఇస్పాత్ అంటే హిందీలో ఉక్కే. పేరు 'ఐరిష్ ఇస్పాత్' అయింది. 2001లో మూతపడింది, దాదాపు 400 మంది పని పోయింది. దశాబ్దాల ఉక్కు చెత్త సముద్రంలోకి పోసి పోసి అక్కడ కొత్త నేలే పుట్టింది, దానిని శుభ్రం చేసే బాధ్యత ప్రభుత్వం మీద పడింది. ఇప్పుడు అది పార్కు. 2021లో తెరిచారు. పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. అడుగున ఏముందో చెప్పే బోర్డు చదివేది నాలాంటి ముసలివాళ్లు.

చదువరి_హైదరాబాద్

ఒక్క పౌండా! మా విశాఖ ఉక్కు గురించి...

నిర్వాహకులు

చదువరి గారూ, ఆ చర్చకు వేరే శీర్షిక ఉంది, అక్కడ ఇప్పటికే నాలుగు వందల వ్యాఖ్యలు ఉన్నాయి. ఇక్కడ కోవ్ దగ్గరే ఉందాం.

గడసరి

లూసిటానియా గురించి ఎవరూ రాయలేదు. నేను విసుక్కున్నది ఐస్‌క్రీం మీద గానీ ఆ స్మారకం మీద కాదు. రాయండి పాతకాగితం గారూ, చదువుతాను.

పాతకాగితం

మీరు అడగడమే గొప్ప.

1915 మే 7. కిన్‌సేల్ ముందున్న ఓల్డ్ హెడ్ దగ్గర లూసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి యూ-20 టార్పిడోతో కొట్టింది. పద్దెనిమిది నిమిషాల్లో మునిగిపోయింది. దాదాపు 1,200 మంది పోయారు. బతికినవాళ్లనూ శవాలనూ ఎక్కువగా క్వీన్స్‌టౌన్‌కే తెచ్చారు. టైటానిక్ ఇక్కడికి వచ్చింది రెండు గంటలే, దానివాళ్లెవరూ ఇక్కడ చనిపోలేదు. లూసిటానియా మాత్రం ఈ ఊరి ఒళ్లోకి వచ్చి పడింది. హోటళ్లు, ఇళ్లు, ఓడల కంపెనీ గిడ్డంగులు అన్నీ నిండిపోయాయి. మే 10న సామూహిక అంత్యక్రియలు జరిగాయి. ఊరికి ఉత్తరంగా ఉన్న ఓల్డ్ చర్చ్ శ్మశానంలో మూడు పెద్ద గోతులు తవ్వి, శవపేటికలు వరుసగా పేర్చారు. పేర్లు తెలియనివాళ్లు చాలామంది. ప్రదర్శనశాలల కంటే అక్కడికే ముందు వెళ్లమంటాను నేను.

స్మారకం ఉన్న చోటు పేరు కేస్‌మెంట్ స్క్వేర్. రోజర్ కేస్‌మెంట్ ఎవరు? బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 తిరుగుబాటు కోసం జర్మనీ నుంచి ఆయుధాలు తేవడానికి పూనుకుని, జర్మన్ జలాంతర్గామి యూ-19లో కెర్రీ తీరానికి వచ్చి దొరికిపోయి, లండన్‌లో ఉరికంబం ఎక్కిన దేశభక్తుడు. జర్మన్ జలాంతర్గామి చంపినవాళ్ల స్మారకం, జర్మన్ జలాంతర్గామిలో వచ్చినవాడి పేరున్న చౌరస్తాలో నిలబడి ఉంది. ఇంకా ఉంది, వినండి. యూ-19ను ఆ రోజు నడిపిన వైస్‌బాఖ్, అంతకు ముందు ఏడాది లూసిటానియాను కొట్టిన యూ-20లో టార్పిడో అధికారి. ఎవరైనా కథలో రాస్తే సంపాదకుడు కొట్టేస్తాడు.

గడసరి

కొట్టేస్తాడు. నేనైతే తప్పకుండా కొట్టేసేవాడిని.

రైలుబండి

అమ్మ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు! ఆవిడకు గుడి కావాలి, కొండ వద్దు.

వెన్నెలగోదారి

అయ్యో, గుడే కొండ మీద ఉంది. సెయింట్ కోల్‌మన్ కెథెడ్రల్. ఊరంతా సముద్రం వైపు మెట్లు మెట్లుగా దిగుతుంది, అన్నిటికీ పైన అది. టాక్సీలో పైకి వెళ్లి, నెమ్మదిగా కిందికి నడిచి రండి. పైకి నడిపించారో, అమ్మగారు మిమ్మల్ని జన్మలో క్షమించరు. 1868లో మొదలుపెడితే 1919కి పూర్తయింది, యాభై ఏళ్లు. ఇక్కడి పేదల చిల్లర నాణేలతో పాటు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు పంపిన డబ్బూ ఉంది అందులో. శిఖరం ఎత్తు 91 మీటర్ల పైమాట. లోపల 49 గుడిగంటలతో కూర్చిన వాద్యం ఉంది, వేసవి ఆదివారాల్లో సాయంత్రం వాయిస్తారు. వాయించేవాళ్లు తాళ్లు లాగరు, కింద చెక్క మీటలను పిడికిళ్లతో గుద్దుతారు.

1953లో లారెల్, హార్డీ ఇద్దరూ ఓడలో ఇక్కడికి వచ్చినప్పుడు ఆ గంటల మీద వాళ్ల సినిమాల ఆరంభంలో వచ్చే బాణీ వాయించారట. ఒడ్డున జనం, పడవల ఈలలు. వాళ్లిద్దరికీ కళ్ల నీళ్లొచ్చాయని చెప్పుకుంటారు.

పాతకాగితం

కెథెడ్రల్ గురించి ఒక చేర్పు. లోపలి నగిషీలు మార్చి పీఠాన్ని ముందుకు జరపాలని బిషప్ తలపెడితే ఊరివాళ్లే అడ్డం తిరిగారు. 2006లో ప్రణాళికల అప్పీలు బోర్డు ఊరివాళ్ల పక్షాన తీర్పిచ్చింది. బిషప్ మాటకు ఐర్లాండ్‌లో ఎదురు చెప్పడమంటే ముప్పై ఏళ్ల ముందు ఊహకు కూడా అందేది కాదు.

లంగరు

దిగేటప్పుడు పేకముక్కల వరుస చూడండి. వెస్ట్ వ్యూ వీధిలో 1850లో కట్టిన 23 ఇళ్లు, ఏటవాలు మీద ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. కింది ఇల్లు పడితే పైవన్నీ పేకముక్కల్లా పడతాయని ఊళ్లో వేళాకోళం. ఇంతవరకు పడలేదు.

స్పైక్ దీవికి కెనడీ రేవు నుంచి పడవ ఉంది. కరువు కాలంలో అక్కడ ఖైదీల జైలు పెట్టారు. 1850ల్లో రెండు వేలు దాటారు. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తం మీద అంత పెద్ద జైలు ఇంకోటి లేదంటారు. దొంగతనాలు చేసినవాళ్లే ఎక్కువ, ఆకలి దొంగతనాలు. మొన్న 2004 దాకా కూడా జైలుగా వాడారు. కానీ మూడున్నర గంటలు పడుతుంది, అమ్మగారి మోకాళ్లతో వద్దు.

రైలుబండి

వెళ్లి వచ్చాం. అందరికీ లెక్క అప్పజెప్పాలి కదా.

కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. రష్‌బ్రుక్‌లో క్రేన్లు కనిపించగానే నాన్నగారు లేచి నిలబడిపోయారు. "పొడి రేవులో ఓడ ఉంది, చూడు, అడుగు గీకుతున్నారు" అన్నారు. ఆ తరువాత స్టేషన్‌లో దిగాక వెనక్కి నడుద్దామన్నారు, రెండు కిలోమీటర్లు! అమ్మను కాఫీ దుకాణంలో కూర్చోబెట్టి మేమిద్దరం నడిచాం. గేటు దగ్గర నిలబడి కాసేపు చూశారు. లోపలికి ఎవరినీ రానివ్వరు. భోజనానికి బయటికొస్తున్న ఒకాయన పలకరిస్తే, నాన్నగారు తనకొచ్చిన ఆంగ్లంలో "ముప్పై రెండేళ్లు, విశాఖపట్నం పోర్టు" అన్నారు. ఆయన చేయి కలిపి, ఆ ఓడ బరువెంతో చెప్పారు. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. నాకు సగం అర్థం కాలేదు, లోహాల పేర్లు.

టైటానిక్ ప్రదర్శనకు వెళ్లలేదు. అది ఉన్న పాత ఓడల కంపెనీ కార్యాలయం వెనక పాత చెక్క రేవు మొండి దిమ్మెలు నీళ్లలో మిగిలి ఉన్నాయి కదా, వాటి మీద నుంచే 123 మంది ఎక్కారని చెబితే, "ఇంత సన్నటి రేవు మీద అంత జనాన్ని ఎలా నిలబెట్టారు? వరుస కట్టించేవాడు ఉండాలే" అన్నారు.

అమ్మ కెథెడ్రల్‌లో కొవ్వొత్తి వెలిగించింది. ఎవరి కోసమని అడిగితే, ఆ విమానంలో పోయినవాళ్ల కోసమంది. నేను ఇంట్లో చదివి వినిపిస్తుంటే వంటింట్లోంచి విందట.

విహారనౌక ఒకటి వచ్చి ఉంది, ఇళ్ల కంటే ఎత్తుగా. నాన్నగారు దానికి కట్టిన మోకులన్నీ లెక్కపెట్టి, ముందు వైపు ఒకటి వదులుగా ఉందని తేల్చారు.

లంగరు

ఏ రోజు వెళ్లారు? గురువారమా?

రైలుబండి

అవును, గురువారం. ఎందుకండీ?

లంగరు

గురువారం మధ్యాహ్నం ఫెర్రీ దిగి ఇంటికి నడుస్తుంటే, రేవు మనిషి ఒకడు ఆ ముందు మోకునే బిగిస్తున్నాడు. నాన్నగారికి చెప్పండి.

గడసరి

ఇది మాత్రం కథలో ఉంచుకోవచ్చు.